మా పేరు పెట్టుకున్న డేరా

భద్రాచలం, ఖమ్మం వైపు నుంచి వచ్చే మేము ఎల్బీ నగర్‌లోనే బస్సు దిగుతాం. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లే దారి పక్కన వేర్లు, బెరళ్లు, నూనె సీసాలు పరిచిన డేరా ఉండేది. 'కోయ వైద్యం, నరాల నొప్పి మాయం' అని బోర్డు. మేం కోయ భాషలో పలకరిస్తే జవాబు రాలేదు. మిరపకోత కూలి డబ్బులు మూడు వేలు మా మామ అక్కడే పోశాడు. అరికాళ్ల మంట తగ్గలేదు. పరీక్ష చేయిస్తే షుగర్ అని తేలింది.

మా ఊళ్లో మందుచెట్లు తెలిసిన పెద్దలు గ్యారంటీ ఇవ్వరు. "తగ్గకపోతే ఆస్పత్రికి పో" అంటారు. ఆ తెలివి మాది, ఆ బోర్డు మాది కాదు.

నరాల నొప్పికి కారణం ఒకటే ఉండదు. షుగర్, బి12 లోపం, నరం నొక్కుకుపోవడం, కుష్ఠు – దేని వైద్యం దానిదే. స్పర్శ తెలియని మచ్చ ఉంటే ఆలస్యం చేయకూడదు. కుష్ఠు మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. పేరూ ఊరూ లేని పొడుల్లో సీసం ఉంటే అదే నరాలను దెబ్బతీస్తుంది. స్టెరాయిడ్ కలిస్తే షుగర్ పెరుగుతుంది.

నరాల జబ్బులు నయం చేస్తామని మందులకు ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఈ మాట బడిలో పిల్లలకు చెబుదాం. మన పేరు కనిపించిందని మన డబ్బు, మన కాళ్లు అప్పగించొద్దు.