ఆరుద్ర పురుగు

ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడితే చాలు, ఇసుక నేలల్లో ఎర్రటి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండే జీవులివి. పెద్దవాళ్లం చూసీచూడనట్టు దాటిపోతాం. పిల్లలు అలా కాదు, గొంతుక్కూర్చుంటారు.

మా అన్నయ్య కూతురు నిన్న చేలో ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. ముట్టుకోగానే అది కాళ్లు ముడుచుకుంది. పిల్ల ఊపిరి బిగబట్టి చూస్తోంది. కాసేపటికి మెత్తటి మఖమల్ ముద్ద మెల్లగా కదిలింది. "బాబాయ్, ఎనిమిది కాళ్లు!" అని ఒకటే కేక. నిజమే, సాలీడుకు చుట్టమే అది. ఏ పుస్తకమూ చెప్పకముందే లెక్కపెట్టేసింది, బంగారుతల్లి! ఇలా చూస్తున్న పిల్లల్ని "టైమైంది, పద" అని లాక్కెళ్లడానికి మనసెలా వస్తుందో.

పొద్దున్నుంచీ ఒకటే ప్రశ్న: "మట్టి కిందున్న దానికి వానొచ్చిందని ఎలా తెలుస్తుంది బాబాయ్?"