దేవుడి దగ్గర చేబదులు

అప్పు నిప్పులాంటిదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పాలబ్బాయికి ఒక్క నెల బాకీ పడితే చాలు, సైకిలు గంట వినగానే వంటింట్లోకి తప్పుకునే రకం మనం. అలాంటిది, గుడికి వెళ్లి దణ్ణం పెట్టి "స్వామీ, ఓ ఆరువందలు సర్దుతావా?" అని దేవుణ్ణే అడిగే జనం ఉన్నారంటే నమ్ముతారా? కళ్లారా చూసేదాకా నేనూ నమ్మలేదు.

మా అబ్బాయి ఉద్యోగం తైవాన్‌లోని షిన్‌చూలో. పక్కవాటా ఆవిడది ఇంచుమించు నా ఈడే. ఆవిడకి తెలుగు రాదు, నాకు చీనా భాష రాదు. అయినా కూరా నారా ఇచ్చిపుచ్చుకోడానికి భాష అడ్డమా? మరీ అవసరమైతే దుబాసీగా మా కోడలు ఉండనే ఉంది. ఒకరోజు ఆవిడ "గుడికి బాకీ తీర్చడానికి వెళుతున్నాను, మీరూ రండి" అంది. మొక్కు కాబోలు అనుకున్నాను. మొక్కు కాదట, అచ్చంగా బాకీయేనట!

కారులో దాదాపు రెండు గంటల ప్రయాణం. నాంటో జిల్లాలో జూషాన్ అనే ఊరు. ఆ పేరుకి అర్థం వెదురుకొండ. అక్కడ జినాన్ గుడి. గుడి మరీ పెద్దదేం కాదు, జనమే తిరునాళ్లలా ఉన్నారు. వెదురు పేరుతో వెలిసిన ఊరు కదా, గుడి పక్కన మరుగుదొడ్డి కూడా వెదురుమొలక ఆకారంలో కట్టారు. గుడికి వచ్చినవాళ్లు దానిముందు కూడా నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు! లోపలికి వెళ్లి చూశాను. మన యాత్రాస్థలాలు గుర్తొచ్చి నిట్టూర్చాను. అంతకంటే చెప్పను.

ఇక్కడి దేవుడి పేరు తుదిగోంగ్. భూమి తాత అనుకోండి. తెల్లగడ్డం, నవ్వుమొహం, చేతిలో బంగారు కడ్డీ. దేవతల కొలువులో ఈయనది చిన్న ఉద్యోగమే, మన పాతకాలపు గ్రామకరణంలాగా. పెద్ద దేవుళ్ల దగ్గరికి వెళ్లాలంటే బెరుకు గాని, ఈ తాతగారి దగ్గర చనువెక్కువ. వ్యాపారస్థులు నెలకి రెండుసార్లు, వాళ్ల పంచాంగం ప్రకారం విదియనాడూ పదహారోనాడూ ఈయనకి నైవేద్యం పెడతారు. పళ్లెంలో అనాసపండు తప్పనిసరి. వాళ్ల యాసలో అనాస పేరు పలికితే "కలిసి రావాలి" అన్నట్టు వినిపిస్తుందట.

ఈయన భార్య గురించి ఒక కథ ఉంది. తాతగారు మనుషులందరినీ ధనవంతుల్ని చేద్దామనుకున్నాడట. ఆవిడ అడ్డుపడి, "అందరూ షావుకార్లయితే రేపు మన పిల్ల పెళ్లికి పల్లకీ ఎవరు మోస్తారు?" అందట. లోకంలో బీదరికం అందువల్లే మిగిలిపోయిందని, కొన్ని గుళ్లలో ఆవిడకి పూజ కూడా చెయ్యరట. చూశారా! దేశం ఏదైనా నింద మాత్రం ఇల్లాలిమీదే.

ఇక అప్పు సంగతి. ఎరుపురంగు చెక్కలు రెండు ఇస్తారు, నెలవంకల్లా, పెద్ద జీడిపప్పు బద్దల్లా ఉంటాయి. ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం. తాతగారికి పేరూ ఊరూ చెప్పుకుని నేలమీద వదలాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్వుతున్నాడన్నమాట. రెండూ బోర్లా పడితే కాదన్నట్టే. మొదటిసారే సరేనంటే 600 తైవాన్ డాలర్లు, అంటే మన 1,500 రూపాయల పైచిలుకు. రెండోసారికి 500, మూడోసారికి 400, అలా తగ్గుతూ ఆరోసారికి 100. ఆరుసార్లూ కాదంటే, మరోసారి రమ్మని అర్థం. ఏడాదిలోగా తీర్చాలి. వడ్డీ ఎంత? మీ ఇష్టం! పుస్తకంలో పేరు రాసుకుంటారు గాని హామీ అడగరు, తాకట్టు అడగరు.

మా పక్కింటావిడ ముందు పాతబాకీ వడ్డీతో సహా కట్టేసి, కొత్త అప్పుకి చెక్కలు పట్టుకుంది. మొదటిసారి నవ్వాడు. రెండోసారి కాదన్నాడు. మూడోసారి మళ్లీ నవ్వాడు. నాకే చెమటలు పట్టాయి. నాలుగోసారి ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా! మూడువందలు. ఆవిడ మూడులక్షలు వచ్చినట్టు ఆ డబ్బు రెండు చేతులా అందుకుని, ధూపపాత్ర మీదుగా తిప్పి సంచీలో దాచుకుంది.

"ఈ మూడువందలతో ఏం చేస్తారు?" అని కోడలిచేత అడిగించాను.

ఖర్చు పెట్టదట. గల్లాపెట్టె అడుగున ఉంచుతుందట. అది డబ్బుతల్లి, పిల్లల్ని పెడుతుందని వాళ్ల నమ్మకం. తర్వాత ఆవిడ నెమ్మదిగా ఇంకో మాట చెప్పింది. 1999 సెప్టెంబరు 21న అర్ధరాత్రి దాటాక వచ్చిన భూకంపంలో తైవాన్‌లో 2,400 మందికి పైగా పోయారు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో నాంటో ఒకటి. ఆవిడది అప్పుడు ఈ ఊరే. నూడుల్స్ దుకాణం నేలమట్టమైంది. మరుసటి ఏడు మొదటిసారి ఇక్కడ చెక్కలు వేసింది.

"ఆ డబ్బుతో దుకాణం లేవలేదమ్మా, బ్యాంకు అప్పుతో లేచింది. కాని ఏడాదిలోగా తీర్చమన్నాడు కదా! అంటే ఏడాది తర్వాత కూడా నేను ఉంటానని ఒకరు నమ్మినట్టే. ఆ రోజుల్లో నాకే ఆ నమ్మకం లేదు" అంది.

మా కోడలు ఆ మాట తెలుగులో చెప్పేసరికి దాని గొంతు వణికింది.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అన్నయ్య పరీక్ష ఫీజుకని గాజులు కొంగులో మూటగట్టుకుని, వీధిలో ఎవరూ లేని వేళ చూసి షావుకారు ఇంటికి వెళ్లేది. ఆయన గాజులు తూచేవాడే గాని అమ్మ మొహం చూసేవాడు కాదు. గాజులు తిరిగొచ్చాయి గాని, ఆ గుమ్మంలో నిలబడ్డ సంగతి అమ్మ చివరిదాకా మర్చిపోలేదు. అప్పులో మనిషిని కుంగదీసేది డబ్బు ఒక్కటే కాదు కదా.

మన దేవుడూ అప్పు ఎరిగినవాడే. పెళ్లికోసం కుబేరుడి దగ్గర పుచ్చుకుని, కలియుగాంతం వరకూ వడ్డీ కడుతున్న వడ్డీకాసులవాడు. ఆయన బాకీ తీరడానికి మనం హుండీలో వేస్తాం. అక్కడ దేవుడే మనకి బాకీ ఇస్తాడు. ఎటు తిరిగినా దేవుడికీ మనిషికీ మధ్య ఒక లెక్క తెగకుండా ఉంటోంది. తెగకపోవడమే మంచిదేమో! లెక్క తేలిపోయిన చోటికి మళ్లీ ఎవరు వెళతారు చెప్పండి?

తిరుగు ప్రయాణంలో ఆవిడ వేళ్లమీద నెలలు లెక్కపెట్టుకుంటోంది, వచ్చే ఏడు ఎప్పుడు వచ్చి తీర్చాలో, వడ్డీ ఎంత కలపాలో. కాదన్నవాడు రెండుసార్లు నవ్వాడు కూడా కదా, ఈసారి కాస్త ఎక్కువే ఇస్తుందట!