వరుసలో ముందెవరు?

మా ఫైనలియర్ ప్రాజెక్టు సంగతి విని అమ్మ, "సికింద్రాబాద్ నిండా ఇన్ని టవర్లున్నయి గదరా, మళ్లొకటెందుకు?" అన్నది. న్యాయమైన ప్రశ్నే! టవర్లకు కొదవ లేదు. వాటి లోపల ఏం జరుగుతోందో విప్పి చూసే వీలే మనబోటి విద్యార్థులకు లేదు.

సెల్‌ఫోన్ నెట్‌వర్క్‌లో స్థూలంగా మూడు భాగాలు. గాలిలోకి మాట పంపే రేడియో ఒకటి. ఎవరి వంతు ఎప్పుడో తేల్చే బేస్ స్టేషన్ రెండోది. సిమ్ అసలుదో కాదో చూసి దారి చూపే కోర్ మూడోది. 4జీలో బేస్ స్టేషన్ సెకనులో వెయ్యోవంతుకొకసారి "ముందెవరు?" అని తేలుస్తుంది. రేషన్ షాపు ముందు వరుస లాంటిదే అనుకోండి. ఒకడు సినిమా చూస్తున్నాడు, ఇంకొకచోట ప్రమాద హెచ్చరిక పోవాలి. ముందు దేన్ని పంపాలి?

రైళ్ల ఊరివాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్లో, గుల్లగూడ-చిట్‌గిద్ద మధ్య జరిగిన పరీక్షలో, అదే పట్టాల మీద ఎదుట ఇంకో ఇంజను ఉండగా 'కవచ్' తానే బ్రేకు వేసి 380 మీటర్ల దూరంలో రైలును ఆపింది. అది వాడిన రేడియో సెల్‌ఫోన్లది కాదు, నిజమే. అయినా పాఠం ఒక్కటే: మాట వేళకు చేరాలి.

నడుస్తున్న నెట్‌వర్క్‌లో ఆ వరుసను మార్చి చూడనివ్వరు. అదీ సబబే, లక్షలమంది దానిమీద ఆధారపడ్డారు. అందుకే పరిశోధనకు వేరే నెట్‌వర్క్ కావాలి. 2018లో మొదలైన దేశీయ 5జీ టెస్ట్‌బెడ్ అలాంటిదే. దాదాపు 220 కోట్ల రూపాయల ఖర్చుతో, ఐఐటీ హైదరాబాద్‌తో సహా ఎనిమిది సంస్థలు కలిసి కట్టాయి. 2022 మే 17న ప్రారంభమైంది.

మాది బల్లమీద పట్టే బుల్లి తమ్ముడు. రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక రేడియో బోర్డు, ఎవరైనా చదివి మార్చుకోగల ఓపెన్‌ఎయిర్‌ఇంటర్‌ఫేస్ ప్రోగ్రాము. అనుమతి లేకుండా ఆ తరంగాలు గాల్లోకి వదలకూడదు కనుక ఏంటెనా బదులు కేబులు తగిలించాం. వరుస తేల్చే ముక్క ఒక్కటే మార్చితే చాలు, మిగతావి కదపనక్కర్లేదు. హెచ్చరికను ముందుకు జరిపితే సినిమా ఎంత ఆగుతుందో, ఆ లెక్క మా కళ్ళతో మేమే చూశాం.

జూనియర్ మిత్రులారా! మేం వెళ్లిపోతున్నాం. మూడు భాగాలూ ల్యాబులోనే ఉంటాయి. మా వరుస మీకు నచ్చకపోతే, ఆ ముక్క తీసేసి మీది పెట్టండి.