మరచినా మరువనివాడు

చంద్రపూరులో గుమాస్తాగా జీతాల బిల్లులు రాసేవాణ్ణి. జీతం చేసిన పనికి ముట్టేది. రక్షణ అట్టిది కాదు, అది దేవుని కృపాదానమని కాల్విను మార్గపు సంస్కరణ సంఘాల బోధ. నా విశ్వాసమూ అదే. 1563లో హైడెల్‌బర్గు నగరంలో వెలువడిన ప్రశ్నోత్తరి, బ్రతుకులోను చావులోను మనకు ఆదరణ ఏదని మొదటే అడుగుతుంది. మనం క్రీస్తు సొత్తు కావడమేనని దాని జవాబు సారం.

మా అమ్మకు వయసు మీరి జ్ఞాపకం పోయింది. నా పేరు తెలియదు. ప్రభువు నేర్పిన ప్రార్థన సగంలో ఆగిపోతుంది. "ఇక ఆమె భక్తి మాటేమిటి?" అని బంధువులు అడుగుతారు. ఆమె దేవుణ్ణి పట్టుకొన్నందున కాదు, ఆయన ఆమెను పట్టుకొన్నందుననే క్షేమమని నా జవాబు. అట్లని ప్రార్థన మానలేదు. ఆమె ఆగినచోట మేము అందుకొని ముగిస్తాము.