మైలాపూరు తిరునాళ్ళలో నీడ ఎక్కడ?

మైలాపూరు కపాలీశ్వరుడి పంగుని ఉత్సవం చూడాలని ఉందంటూ ఢిల్లీ నుంచో, దుబాయి నుంచో, డల్లాస్ నుంచో మన వాళ్ళు ఫోను చేసినప్పుడల్లా నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. ఎనిమిదో రోజు ఏ తారీఖున పడిందన్నది మొదటిది. దానికి పంచాంగం చూసి చెప్పొచ్చు. ఎండకు తట్టుకోగలమా అన్నది రెండోది. దీనికి మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు. తట్టుకోవచ్చు, కాకపోతే నీడను ఎంచుకోవడం తెలియాలి. నీడల్లో కూడా మంచి నీడ, చెడ్డ నీడ ఉంటాయంటే నవ్వకండి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ మాడవీధుల పక్కనే కాపురం చేస్తున్నదాన్ని. ఆ మాత్రం ధైర్యంతో చెబుతున్నాను.

తెలియని వాళ్ళ కోసం ముందు ఉత్సవం సంగతి. సూర్యుడు మీనరాశిలో ఉండే నెలను తమిళులు పంగుని అంటారు. మన ఉగాదికి అటూ ఇటూగా వస్తుందనుకోండి. పది రోజుల పండుగ. మూడో రోజు పొద్దున్నే అధికార నంది, అయిదో రోజు రాత్రి వెండి వృషభం, ఏడో రోజు రథం, పదో రోజు కల్యాణం. వీటన్నిటికీ మించి జనం విరగబడేది ఎనిమిదో రోజుకే. ఆ రోజు పేరు అరుబత్తుమూవర్, అంటే అరవైముగ్గురు. అరవైముగ్గురు శివభక్తుల విగ్రహాలు పల్లకీల్లో స్వామితోపాటు ఊరేగుతాయి. చుట్టుపక్కల గుళ్ళ అమ్మవార్లు కూడా కదిలి వస్తారు. వాయిలార్ అనే నాయనారు ఈ మైలాపూరులోనే పుట్టాడు. మనకు బాగా కావలసినవాడు ఇంకొకడున్నాడు, కన్నప్ప! శ్రీకాళహస్తిలో స్వామికి కన్ను పెకలించి ఇచ్చిన మన తిన్నడే. పాముకాటుకు చనిపోయిన పూంపావై అనే అమ్మాయిని సంబంధర్ పాట పాడి బ్రతికించిన కథను కూడా ఎనిమిదో రోజు పొద్దున జరిపిస్తారు. ఏడో శతాబ్దం నాటి ఆ పదికంలోనే పంగుని ఉత్తర పండుగ ప్రస్తావన ఉంది. అన్ని వందల ఏళ్ళుగా ఈ జనం ఈ ఎండలోనే నిలబడుతున్నారన్నమాట.

సరే, ఇక ఎండ సంగతి. ఊరేగింపు మధ్యాహ్నం మూడు ప్రాంతాల కదులుతుంది. స్వామి తిరిగి గుడి చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. మంచి చోటు దొరకాలంటే పన్నెండింటికే వచ్చి కూర్చోవాలి. పిల్లాపాపలతో, పులిహోర డబ్బాలతో, చాపలతో ఆ పూటంతా వీధిలోనే కాపురం. కొత్తవాళ్ళు చేసే పని ఏమిటంటే, తిన్నగా తూర్పు గోపురం దగ్గరికి పరుగెత్తడం. సుమారు 120 అడుగుల గోపురం, 1906లో కట్టింది, ముచ్చటైనదే. మూడింటికి దాని నీడ దాదాపు దాని పొడవంత, నాలుగింటికి ఒకటిన్నర రెట్లు తూర్పుకు పరుచుకుంటుంది. కానీ ఆ నీడలో కాలు మోపడానికి చోటుండదు, ఊపిరి ఆడదు.

ఈ రోజుల్లో సూర్యుడు దాదాపు సరిగ్గా పడమటనే అస్తమిస్తాడు. కాబట్టి తూర్పు పడమరలుగా సాగే ఉత్తర, దక్షిణ మాడవీధుల్లో మధ్యాహ్నం ఎండ వీధి పొడుగునా వాలుగా పడుతుంది. ఏ వైపు అరుగెక్కినా నీడ ఉండదు. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధుల్లో అయితే పడమటి వరుస ఇళ్ళు రెండు గంటలు దాటగానే నీడ ఇవ్వడం మొదలుపెడతాయి. ఇది ఒక లెక్క. గాలిది ఇంకో లెక్క. సముద్రం మనకు తూర్పున, కూతవేటు దూరంలో ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో సముద్రపు గాలి పన్నెండు, ఒంటిగంట మధ్యనే లోపలికి వస్తుంది. (మే, జూన్‌లలో పడమటి గాలి దాన్ని అడ్డుకుని ఆలస్యం చేస్తుంది. మద్రాసు ఎండలకు వచ్చిన చెడ్డపేరంతా ఆ రెండు నెలలదే.) ఆ గాలి తూర్పు పడమర వీధుల్లో హాయిగా దూరుతుంది, అడ్డంగా ఉన్న వీధుల్లో ఇళ్ళకు తగిలి ఆగిపోతుంది. అంటే నీడ ఒక వీధిలో, గాలి ఒక వీధిలో!

రెండూ దొరికే చోటు ఒకటి ఉంది. అది పడమటి వీధి. ఇప్పుడు రామకృష్ణ మఠం రోడ్డు అంటారు. దానికి తూర్పున కోనేరు. అడ్డుగోడల్లేని అంత ఖాళీ జాగా మీదుగా గాలి వస్తుంది, పడమటి వరుస దుకాణాలు నీడ ఇస్తాయి. ఊరేగింపు ప్రదక్షిణంగా తూర్పు, దక్షిణం తిరిగి పడమటికి వచ్చేసరికి పొద్దు వాలుతుంది. ముందే చూసేయాలన్న తొందర లేనివాళ్ళకు, ముఖ్యంగా పెద్దవాళ్ళకు, అంతకన్నా మంచి చోటు మైలాపూరులో నాకు కనబడలేదు.

ఆ మధ్య మా ఆడపడుచు కొడుకు అమెరికాలో అరిజోనా నుంచి వచ్చాడు. వాడికి ఎడారి అలవాటే. పైగా నెవాడా రాష్ట్రంలో బ్లాక్ రాక్ ఎడారిలో ఏటా జరిగే బర్నింగ్ మ్యాన్ అనే సంబరానికి రెండుసార్లు వెళ్ళి డేరా వేసుకుని వారం రోజులు ఉన్నవాడు. ఆ సంబరం 1986లో శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రపుటొడ్డున మొదలై, 1990లో ఎడారికి చేరిందట. ఎండిపోయిన చెరువు నేల మీద చెట్టన్నది లేకుండా వేలాది జనం! మనవాడు అక్కడ వాడిన నైలాను టెంటు, నీళ్ళు చిమ్మే చేతి ఫాను పెట్టెలో పెట్టుకుని దిగాడు.

"అత్తా, అమ్మమ్మను ఇందులో కూర్చోబెడదాం. లోపల చల్లగా ఉంటుంది," అన్నాడు.

"ముందు మేడ మీద వేసుకుని నువ్వు కూర్చో నాయనా, తర్వాత చూద్దాం," అన్నాను.

పావుగంటకే చొక్కా పిండుకుంటూ దిగివచ్చాడు. ఇందులో వాడి తెలివితక్కువ ఏమీ లేదు. ఎడారి గాలి పొడి గాలి. అక్కడ నలభై డిగ్రీలు దాటినా తడిగుడ్డ కప్పుకుంటే క్షణాల్లో ఆరిపోయి చలి పుట్టిస్తుంది. ఉత్తరాదిన వట్టివేళ్ళ తడికెలకు నీళ్ళు చల్లి కిటికీలకు కట్టేది కూడా ఇందుకే. మన దగ్గర ఉండేది 33, 35 డిగ్రీలే అయినా గాలి నిండా తేమ. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది! ఆరని చోట ఇంకా నీళ్ళు చిమ్మితే ఒరిగేది తక్కువ. నాలుగు వైపులా మూసిన డేరా ఆ తేమను, వేడిని కలిపి ఉడకబెడుతుంది. ఇక్కడ కావలసినవి పైన కప్పు, పక్కల ఖాళీ. అయితే వాడు చెప్పిన మాట ఒకటి నాకు నచ్చింది. ఎడారిలో తెలిసినవాళ్ళు డేరా మీద జానెడు, మూరెడు ఎడం వదిలి ఇంకో తెర కడతారట. ఎండ దెబ్బంతా పై తెర కాస్తుంది, మధ్యలోంచి గాలి పోతుంది. షామియానా వేసే మన కుర్రాళ్ళకు ఈ మాట చెప్పి రెండు వరసలు కట్టించండి. మీకే తేడా తెలుస్తుంది.

కప్పుల్లో నా ఓటు ఎప్పటికీ ఆకు పందిరికే. తాటాకు గానీ, ఇక్కడివాళ్ళు కీత్తు అనే అల్లిన కొబ్బరాకు గానీ ఒకదాని మీద ఒకటి పరిస్తే పొరల మధ్య గాలి నిలిచి వేడిని కిందికి దిగనివ్వదు. లోపలి వేడిగాలి సందుల్లోంచి పైకి పోతుంది. రేకు అలా కాదు, కాలి పెనమై నెత్తిన మంట కక్కుతుంది. నీలం రంగు ప్లాస్టిక్ బరకం దానికి తమ్ముడు. మైలాపూరులోనే ముండగక్కన్ని అమ్మవారి గుడి ఉంది. ఆవిడ గర్భాలయానికి ఈనాటికీ ఆకుల కప్పే. ఆవిడకు అదే ఇష్టమంటారు. 2014లో ఆ గుడి పేరుతో రైల్వే స్టేషను కూడా వచ్చింది గానీ అమ్మవారి ఇంటికి మాత్రం కాంక్రీటు రాలేదు.

ఇంత చెప్పి, ఆకు పందిళ్ళు ఎందుకు తగ్గిపోయాయో చెప్పకపోతే తప్పవుతుంది. 1997 జూన్‌లో తంజావూరు పెద్దగుడి కుంభాభిషేకానికి వేసిన ఆకుల యాగశాల అంటుకుని 40 మందికి పైగా పోయారు. 2004 జూలై 16న కుంభకోణంలో బడి వంటశాల నుంచి మంటలు ఆకు కప్పుకు ఎగబాకి 94 మంది పసివాళ్ళు కాలిపోయారు. ఆ తర్వాత ఎవరైనా ఆకు పందిరి అంటే జంకితే వాళ్ళను తప్పుపట్టలేం. అందుకే నేను ఆకు పందిరి కింద కూర్చునే ముందు కప్పు చూడను, నేల చూస్తాను. పొయ్యి గానీ, గ్యాసు సిలిండరు గానీ, అతుకుల కరెంటు తీగలు గానీ ఉంటే ఎంత చల్లగా ఉన్నా నాకొద్దు. రెండు వైపులా బయటికి దారి ఉండాలి. కర్పూరం వెలిగించే చోటు దూరంగా ఉండాలి. ఇవి లేకపోతే రెండు వరసల షామియానాయే మేలు.

ఆ ఏడాది మా అత్తయ్యగారికి ఎనభై నిండాయి. ఆవిడ పుట్టినిల్లు శ్రీకాళహస్తి దగ్గర. "ఒక్కసారి కన్నప్పను పల్లకీలో చూపించవే," అని మాఘమాసం నుంచీ అంటూనే ఉన్నారు. డాక్టరు గారు వద్దనలేదు, జాగ్రత్త అన్నారు. దక్షిణ మాడవీధిలో మాకు ఆప్తులొకరు వాళ్ళ కొట్టు ముందు పందిరిలో మొదటి వరసలో కుర్చీలు వేయించారు. అంత ఆదరంగా పిలిస్తే ఎలా కాదంటాం? వెళ్ళి చూస్తే పైన రేకు. రెండున్నర అయ్యేసరికి అత్తయ్యగారికి చెమటలు ధారలు కట్టాయి, చేతులు చల్లబడ్డాయి, కడుపులో తిప్పుతోందన్నారు. మనవడు మాట్లాడకుండా ఆవిణ్ణి కుర్చీతో సహా ఎత్తించి, సందుల్లోంచి తిప్పి పడమటి వీధికి చేర్చాడు. అక్కడొక మజ్జిగ పందిరి, ఆకు కప్పు. ఎవరో తెలియని తమిళ కుటుంబం వాళ్ళు లేచి చాప ఇచ్చారు. కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టి పడుకోబెట్టాం. మెడకు, చంకలకు తడిగుడ్డలు వేసి ఇద్దరం రెండు వైపుల నుంచి తాటాకు విసనకర్రలతో విసిరాం. గాలి గట్టిగా తగిలితే తడిగుడ్డ మద్రాసులో కూడా పనిచేస్తుంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ గుక్క గుక్కగా పట్టించాం. అరగంటకు లేచి కూర్చున్నారు.

పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. చెమట, నీరసం, వికారం వరకూ నీడ, గాలి, మజ్జిగతో తేరుకోవచ్చు. మాట తడబడినా, మనుషులను పోల్చుకోలేకపోయినా, ఒళ్ళు కాలిపోతున్నా మాత్రం నోట్లో ఏమీ పోయకండి. ఒంటిని తడుపుతూ, విసురుతూ నేరుగా ఆసుపత్రికే. దర్శనం మళ్ళీ ఏడాది దొరుకుతుంది.

పొద్దు వాలాక పల్లకీలు వచ్చాయి. పూలదండల్లో మునిగిపోయిన చిన్న చిన్న విగ్రహాలు, ఎవరెవరో పోల్చుకోవడం కష్టం. చాప ఇచ్చిన ఆ పెద్దావిడే "కణ్ణప్పర్, కణ్ణప్పర్" అంటూ వేలు పెట్టి చూపించింది. అత్తయ్యగారు నాలుగు క్షణాలు చూసి దండం పెట్టి, "మా ఊరి పిల్లాడే!" అని ఆవిడతో తెలుగులోనే చెప్పారు. ఆవిడకు ఏమర్థమయిందో గానీ అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ రోజు వీధుల్లో తిండికి, నీళ్ళకు కరువుండదు. అడుగడుగునా పందిళ్ళు. మజ్జిగ, పానకం, పులిహోర, పెరుగన్నం పిలిచి మరీ పెడతారు. మన శ్రీరామనవమి పందిళ్ళు గుర్తొస్తాయి. పిల్లలకు రంగు నీళ్ళకన్నా మజ్జిగే ఇప్పించండి, చెమటతో పోయిన ఉప్పు తిరిగి వస్తుంది. ముందు రోజో మర్నాడో కాస్త తీరిక ఉంటే లజ్ వైపు వెళ్ళి, తెరిచి ఉన్న వేళ చూసుకుని నాగేశ్వరరావు పార్కు చెట్ల కింద కూర్చోండి. అమృతాంజనం, ఆంధ్రపత్రికల కాశీనాథుని వారి పేరే అది. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగిన వారి ఇల్లు ఆ వీధిలోనే ఉండేది. రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. మైలాపూరు దాకా వచ్చి ఆ స్మారక భవనం చూడకుండా పోయే తెలుగువాళ్ళంటే నాకు కాస్త కోపమే.

రాత్రి పడక సంగతి మిగిలింది. పూర్వం వీధి అరుగుల మీద ఎవరు పడుకున్నా అడిగేవారు కాదు. ఇప్పుడు అరుగులు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. మా ఇంటికి వచ్చే చుట్టాలకు మేడే గతి. సాయంత్రం నాలుగు బకెట్ల నీళ్ళు పోసి ఆరనిస్తే తొమ్మిదింటికి చాప వేసుకోవచ్చు. గాలి ధారాళంగా ఉంటుంది, దోమలూ అంతే ధారాళంగా ఉంటాయి. మా మేనల్లుడి టెంటు చివరికి అక్కడ పనికొచ్చింది. పైన వేసే గుడ్డ తీసేస్తే లోపల ఉన్నదంతా దోమతెరే! వాడు దాన్ని ఇక్కడే వదిలి వెళ్ళాడు. ఏటా పంగుని ఉత్సవానికి మేడ మీద అది లేస్తుంది, అందులో ఎవరు పడుకోవాలా అని పిల్లలు కొట్టుకుంటారు.