తప్పు వెనక ఇంటి భాష

డుంబ్రిగుడ మండలంలో ఒక ఆశ్రమ పాఠశాలలో మా మేనకోడలు ఇంగ్లీషు చెబుతుంది. "చాపరాయి జలపాతం చూడ్డానికి అందరూ వస్తారు మామయ్యా, మా పిల్లల నోటుబుక్కులు చూడ్డానికి నువ్వైనా రా" అని పట్టుబడితే వెళ్లాను. బడి ఎంత పెద్దదో, ఎన్ని గదులున్నాయో నేను చూడలేదు. పొద్దంతా ఆమె బల్ల పక్కనే కూర్చుని ఆమె దిద్దే చేతిని చూశాను.

ఆ చేతిలో ఎర్ర పెన్ను లేదు, పెన్సిలు ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలు తమ ఇంటి గురించి రాసుకొచ్చిన పేరాలవి. తప్పున్న వరుసకు ఎదురుగా మార్జిన్‌లో చిన్న చుక్క పెడుతుంది, అంతే. కొట్టివేయదు, పైన సరైన మాట రాసిపెట్టదు. రాసినవాళ్లను పిలిచి ఆ వరుసను పైకి చదవమంటుంది. ఒకమ్మాయి వచ్చి చదివింది: ‘మై సిస్టర్ ఈజ్ ఇన్ టెన్త్ క్లాస్. హి లైక్ సాంగ్స్.’ ఆగింది. మళ్లీ చదివింది. "షి, మేడమ్" అని తనే దిద్దుకుంది. ‘లైక్’ పక్కన ‘ఎస్’ లేని సంగతి మా మేనకోడలు ఆ రోజు ఎత్తలేదు. "ఒక వారానికి ఒక తప్పే మామయ్యా. అన్నీ ఒకేసారి చూపిస్తే రాయడమే మానేస్తారు" అంది.

మధ్యాహ్నం భోజనాల వేళ పక్క గదిలోంచి ఒక పెద్దాయన గొంతు వినబడింది. "ఆరో తరగతి నుంచీ చెప్తున్నాం. ఈ గుంటలకి హీ, షీ తేడా బుర్రకెక్కదు." ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆయన అలసిపోయి అన్నారే తప్ప చెడ్డ మనసుతో అనలేదని నాకు తెలుసు. అయినా కోపం వచ్చింది. ఎందుకంటే ఆ తప్పుకు కారణం పిల్లల బుర్రలో లేదు, వాళ్ల ఇంటి భాషలో ఉంది.

ఈ కొండల్లో కొన్ని ఇళ్లలో కువి మాట్లాడతారు, కొన్ని ఇళ్లలో ‘కొండ’ అనే భాష, మరికొన్ని ఇళ్లలో ఆదివాసీ ఒడియా. ఒడియాలో మగవాడికైనా ఆడమనిషికైనా సర్వనామం ఒకటే, క్రియా మారదు. కువి, కొండ భాషల్లో విభజన ఉంది కాని మరోచోట ఉంది: మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లూ పశువులూ వస్తువులూ కలిసి ఇంకో వైపు. తెలుగులో ‘అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది’ అన్నప్పుడు క్రియ మారనట్టే. మనకు ఏకవచనంలోనే ఆ కలయిక. ఆ భాషల్లో బహువచనంలోనూ అంతే. ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు బడిలో తెలుగు నేర్చుకుని, ఆ తెలుగు మీదుగా ఇంగ్లీషుకు వస్తారు. మూడో భాషో నాలుగో భాషో అయిన ఇంగ్లీషులో ‘హి’, ‘షి’ తడబడితే అందులో వింతేముంది?

ఆమె బల్ల మీద ఇంకో నోటుబుక్కులో ‘మై ఫాదర్ ఫార్మర్’ అని ఉంది. ‘మా నాన్న రైతు’ అనేది తెలుగులో నిండు వాక్యం. అక్కడ ‘ఈజ్’కు సమానమైన మాట అవసరమే లేదు, ‘ఎ’కు అసలు చోటే లేదు. హైదరాబాదులో చదివే తెలుగు పిల్లలూ ఇవే తప్పులు రాస్తారు. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అనేది ఇంకా పెద్ద ఉదాహరణ. ఇంగ్లీషే ఇంటి భాషగా పెరిగే పసివాళ్లు కూడా ఒక దశలో అలాగే అంటారు. అమెరికన్ మనోవిజ్ఞాని రోజర్ బ్రౌన్ ముగ్గురు పిల్లల మాటల్ని ఏళ్ల తరబడి గమనించి 1973లో ప్రచురించిన పుస్తకంలో, క్రియ చివరి ‘ఇంగ్’ ముందుగా వస్తుందనీ, ‘హి గోస్’లోని ‘ఎస్’ చాలా ఆలస్యంగా కుదురుతుందనీ చూపించాడు. ఇంగ్లీషు తల్లి ఒడిలో పెరిగినవాళ్లకే ఆలస్యమైన దాన్ని మన ఏజెన్సీ పిల్లలకు మొద్దుతనంగా లెక్కగట్టడం అన్యాయం. అంతకుముందే, 1967లో, పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త నేర్చుకునేవాళ్ల తప్పులు వాళ్లు ఎంతవరకు నేర్చుకున్నారో చెప్పే ఆధారాలని వాదించాడు. ఆ ఆధారాన్ని చదవడం వచ్చినవాళ్లే దిద్దగలరు.

మా మేనకోడలికి చదవడం వచ్చింది. మైదానం నుంచి వచ్చిన ఆమెకు ఆదివాసీ ఒడియా నేర్పింది హాస్టల్లో వంట చేసే ఆమె. ఇప్పుడు ‘హి, షి’ చెప్పాలంటే మా మేనకోడలు నియమం చెప్పదు. పిల్లల చేత తమ కుటుంబం బొమ్మ వేయిస్తుంది. ఒక్కొక్కరి మీద వేలు పెట్టి రెండేసి వాక్యాలు చెప్పాలి. రోజూ పది నిమిషాలు, నోరు అలవాటుపడేదాకా. ‘డిడ్’ సంగతి వచ్చినప్పుడు మాత్రం ఒక్క మాట చెప్పింది: "కావిడి ఒక భుజం మీదే ఉంటుంది. భూతకాలాన్ని ‘డిడ్’ మోస్తోంది కాబట్టి ‘గో’ ఉత్త చేతులతో నడుస్తుంది." తర్వాత పిల్లలు నిన్న చెయ్యని పనుల్ని చెప్పాలి. ‘ఐ డిడ్ నాట్ గో టు మార్కెట్’, ‘ఐ డిడ్ నాట్ ఈట్ ఫిష్’ అంటూ తరగతంతా హుషారెక్కింది. ‘మై ఫాదర్ ఫార్మర్’కు మందుగా తెలుగు వాక్యం, ఇంగ్లీషు వాక్యం ఒకదాని కింద ఒకటి రాయించి, పై వరుసలో లేని మాటకు కింది వరుసలో గీత గీయిస్తుంది. పిల్లలే ‘ఈజ్’నూ ‘ఎ’నూ పట్టుకుంటారు. ఇంగ్లీషు దిద్దుకోవాలనుకునే పెద్దవాళ్లకూ ఇది పనికొస్తుంది: రాసింది పైకి చదవాలి, తప్పు ఎక్కడినుంచి వచ్చిందో వెతకాలి, ఒక్కో తప్పునే పట్టుకుని చాలా వాక్యాలు పలకాలి.

ఇంత పనిని ఒక టీచరు తన ఓపిక మీద, ఒక వంటమనిషి దయ మీద చెయ్యాల్సి రావడం నాకు బాధ కలిగించింది. కొండ భాషకు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1969లోనే వ్యాకరణ గ్రంథం వెలువరించారు. కువికి అంతకు ఎంతో ముందే, 1911లో షుల్జ్ అనే ఆయన రాసిన వ్యాకరణం అచ్చయింది. 2004లో ఉమ్మడి రాష్ట్రం కువి, కొండ, ఆదివాసీ ఒడియాలతో సహా 8 భాషల్లో చిన్న తరగతులకు బహుభాషా బోధన మొదలుపెట్టింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన ఏర్పాట్లు ఉండాలని 1956 నుంచీ రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. ఇవన్నీ ఉండి కూడా, ఏజెన్సీకి వచ్చే ఇంగ్లీషు టీచరుకు ఆ పిల్లల భాష గురించి నాలుగు పేజీలు చేతికిచ్చేవాళ్లు లేరు. 2019లో ప్రభుత్వ బడులన్నిటా ఇంగ్లీషు మీడియం అనే నిర్ణయం వెలువడ్డాక, రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పుట తెలుగు, ఎదురు పుట ఇంగ్లీషు. ఈ పిల్లల ఇంటి భాషకు అందులో పుట లేదు.

ఇక టీచర్ల సంగతి. షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. కోర్టు తప్పుపట్టింది నూటికి నూరు శాతం రిజర్వేషన్‌ను. పిల్లల భాష తెలిసిన టీచరు ఉండాలన్న అవసరాన్ని ఎవరూ కొట్టేయలేదు, ఆ అవసరం అలాగే ఉంది. ఊళ్లో పుట్టి పెరిగిన టీచరును తేలేకపోతే, వచ్చిన టీచరుకైనా ఆ భాష నేర్పాలి. విద్యాశాఖకూ పాడేరు ఐటీడీఏకూ నా విన్నపం ఒకటే: కొండల్లో ఇంగ్లీషు చెప్పే ప్రతి టీచరుకూ చేరిన మొదటి ఏడాదే ఆ బడి పిల్లల ఇంటి భాషలో శిక్షణ ఇప్పించండి, నేర్పడానికి ఆ ఊళ్లవాళ్లనే జీతమిచ్చి పెట్టుకోండి.