నూరు డాలర్ల ఎర్ర పులుసు

కొడుకు ఇంటికి వెళ్ళిన తల్లి నెల రోజులపాటు తన చేత్తో ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేకపోతే మనసుకు ఎట్లా ఉంటుందో, పదవీ విరమణ చేసిన తోటి ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. ముప్పై ఏళ్ళకు పైగా జీతం లెక్కపెట్టుకున్న చేతులు కదా ఇవి. 2024 మే నెలలో బళ్ళారి నుండి సింగపూరుకు బయలుదేరేటప్పుడే ఆ సంగతి ఊహించి, పింఛనులోనుంచి ఆరు వేల పైచిలుకు రూపాయలు తీసి నూరు సింగపూరు డాలర్లుగా మార్చుకున్నాను. రెండు యాభై నోట్లు. ఆ డబ్బుతో ఒక పూట అందరికీ నేనే భోజనం పెట్టించాలని సంకల్పం.

నా కోడలికి సిచువాన్ హాట్‌పాట్ మీద చాలాకాలంగా మనసు. మన బజార్లలో బండ్ల మీద 'షెజ్వాన్' పేరుతో అమ్మే ఎర్రటి నూడుల్సుకూ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. బల్ల మధ్యన కరెంటు పొయ్యి మీద పులుసు మరుగుతూ ఉంటుంది. పచ్చి కూరముక్కలూ, పలచగా తరిగిన మాంసమూ ఎవరికి వారు అందులో వేసుకొని ఉడికించుకొని తింటారు. "నూరు డాలర్లతో నలుగురికి అక్కడ జరగదమ్మా, నేను కడతాను లే" అన్నాడు అబ్బాయి. "జరిగితేనే తిందాం, జరగకపోతే లేచి వద్దాం" అన్నాను. లెక్కల మాస్టారి కూతుర్ని; ఆ మాత్రం పంతం ఉండకూడదా?

అక్కడి భోజనశాలల్లో పట్టికలో రాసిన ధర చివరి ధర కాదు. దాని పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటాయి. మొదటిది సేవారుసుము, నూటికి పది. రెండవది పన్ను, 2024 నుండి నూటికి తొమ్మిది. పన్నును సేవారుసుము కలిపిన మొత్తం మీద వేస్తారు కనుక పట్టికలో నూరు రూపాయల వస్తువు చేతికి వచ్చేసరికి నూటపందొమ్మిది రూపాయల తొంభై పైసలు అవుతుంది. అంటే నా నూరు డాలర్లకు పట్టిక లెక్కలో ఎనభై మూడు దాటకూడదు. ఈ లెక్క ఇంట్లోనే కాగితం మీద వేసుకొని, మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను.

ఒక శనివారం సాయంకాలం లిటిల్ ఇండియాలో రైలెక్కి చైనాటౌన్‌లో దిగాము. స్టేషన్ పేరుపలక మీద చీనా అక్షరాలు చూసి ఆరేళ్ళ మనవరాలు ఆగిపోయింది. "అవ్వా, ఇది ఎద్దు, ఇది బండి, ఇది నీళ్ళు" అని ఒక్కొక్క అక్షరం మీద వేలు చూపింది. నిజమే. ఆ పేటను చీనావారు 'నియు చె షుయి' అంటారు. ఎద్దుబండి నీళ్ళని అర్థం. పూర్వం అక్కడికి మంచినీళ్ళు ఎద్దుబండ్ల మీద వచ్చేవట. పాప చదివే శిశుపాఠశాలలో ఇంగ్లీషుతో పాటు చీనా భాష నేర్పుతారు. "ఎద్దు అక్షరానికి ఇదీ కొమ్ము, మా టీచర్ చెప్పింది" అని ఎడమవైపు పైనున్న చిన్న వాలుగీతను చూపింది. రెండు అడ్డగీతలు, ఒక నిలువుగీత, ఒక కొమ్ము. ఇంతే ఆ అక్షరం. బాగా నేర్పారు ఆ టీచరమ్మ అనుకున్నాను. ఆ వెంటనే ఇంకొకటి కూడా అనుకున్నాను గాని, దారిలో చెప్పలేదు.

అక్కడికి దగ్గరలోనే 1827లో వెలసిన శ్రీ మారియమ్మన్ దేవాలయం ఉంది. దర్శనం చేసుకొని, కుంకుమ పెట్టుకొని, నాలుగడుగులు నడిచి భోజనశాలలో కూర్చున్నాము.

ఈ వంట పుట్టుక గురించి కోడలు చెప్పిన మాట నాకు నచ్చింది. చోంగ్‌చింగ్ నగరం రెండు నదులు కలిసే రేవు. 1997 దాకా సిచువాన్ రాష్ట్రంలోనే ఉండేది. అక్కడి పడవవాళ్ళూ, రేవు కూలీలూ ఇతరులు పారవేసే పేగులూ కార్జాలూ చవకగా తెచ్చుకొని, ఘాటైన కారపు పులుసులో ఉడికించుకొని తినేవారట. కుండలో గళ్ళు పెట్టి, ఒకరినొకరు ఎరుగనివాళ్ళు గడికొకరుగా ఒకే కుండను పంచుకొనేవారట. లేనివాళ్ళ కుండ దగ్గర కూర్చొని నేను కాగితం తీసి లెక్క చూసుకోవడం ఆ మాత్రం న్యాయంగానే తోచింది.

పట్టిక ఇచ్చారు. పులుసుకే పద్దెనిమిది డాలర్లు. రెండు అరల కుండ, ఒక అరలో ఎర్ర పులుసు, రెండవ అరలో టమాటా పులుసు. మనిషికి మూడున్నర డాలర్లు చట్నీల బల్లకు, పాపకు లేదు. మేము కూర్చోగానే ఒక గిన్నెడు వేరుశనగ గింజలు తెచ్చి పెట్టారు. అడగకుండా వచ్చినది ఉచితం కాదని కోడలు చెవిలో చెప్పగా, ముట్టకుండా మర్యాదగా తిప్పి పంపాము. అబ్బాయి ఇటూ అటూ చూశాడు. తల్లి బీదరికం ఎవరైనా చూస్తారేమోనన్నట్టు చూశాడు, పాపం. మాంసం సగం పళ్ళెం, చేప సగం పళ్ళెం, తామరదుంప, ఉర్లగడ్డ, టోఫు, పుట్టగొడుగులు, క్యాబేజీ, గెనసుగడ్డ పిండితో చేసిన సేమియా, అన్నం, పాప కోసం ఒక కూజా పుల్లటి పళ్ళరసం. కూడితే ఎనభై రెండు. నా ముఖం విప్పారింది.

అప్పుడు పాప పట్టికను తన వైపుకు లాక్కుంది. ఎర్ర పులుసు బొమ్మ కింద ఇంగ్లీషులో 'సాంప్రదాయ కారపు పులుసు' అని మాత్రమే ఉంది. దాని కింద సన్నని చీనా అక్షరాలు. "అవ్వా, ఇక్కడ కూడా ఎద్దు ఉంది" అంది.

నలుగురమూ మాట్లాడలేదు. పొట్టేలు మాంసం, కోడిమాంసం మా ఇంట్లో తింటాము. ఇది మాత్రం ఎన్నడూ లేదు. నుదుట కుంకుమ ఇంకా తడి ఆరలేదు. అబ్బాయి వడ్డించే అమ్మాయిని పిలిచి అడిగాడు. ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. కోడలు ఫోనులో తర్జుమా చేసి చూపింది. ఆమె తల ఊపి, ఆ ఎర్ర పులుసుకు ఆధారమే ఎద్దు కొవ్వు అని, అదే దాని వాసనా చిక్కదనమూ అని చెప్పింది. తరువాత పట్టిక తిప్పి వేరొక వరుస చూపింది. అది 'చింగ్ యు', అంటే నూనెగింజల నూనెతో చేసే పులుసు. రెండు డాలర్లు ఎక్కువ. అదే తెమ్మన్నాము. వంటశాలలో గరిటెలు ఎన్ని తిరుగుతాయో అంతకు మించి తరచి అడిగితే పరదేశంలో ఎవరూ బయట తినలేరు. నా మటుకు నేను అక్కడ ఆగాను. లెక్క ఎనభై నాలుగుకు పోయింది. నేను నోరు విప్పకముందే పాప "నాకు జ్యూస్ వద్దులే అవ్వా, వేడినీళ్ళు ఊరికే ఇస్తారు" అంది. అయిదు డాలర్లు తగ్గి డెబ్భై తొమ్మిది వద్ద నిలిచింది.

ఎర్ర పులుసు వచ్చింది. పైన తేలుతున్న ఎండుమిరపకాయలు చూసి బళ్ళారి వాళ్ళకు భయమేమిటని నవ్వుకున్నాను. కానీ అక్కడ ఉన్నది కారం ఒక్కటే కాదు. ఉర్లగడ్డ ముక్క నోట పెట్టుకున్న కాసేపటికి పెదవులు జివ్వుమని, నాలుక తిమ్మిరెక్కింది. 'మా-లా' అంటారట, 'మా' తిమ్మిరి, 'లా' కారం. ఈ తిమ్మిరి మిరియాలవంటి ఒక చిన్న కాయది. మిరపకాయ వాళ్ళకైనా మనకైనా అమెరికా ఖండాల నుండి ఓడల మీద వచ్చినదే. ఈ కాయ మాత్రం ఆ నేలదే.

అయితే ఆ జివ్వుమనడం నాకు పూర్తిగా కొత్త కాదు. మా బడిలో పనిచేసిన ఉడుపి వైపు కన్నడ ఉపాధ్యాయిని చేపల పులుసులో 'జుమ్మనకాయి' వేసేది. అది ఈ కాయకు పినతల్లి బిడ్డ. ఆ చెట్టు మన తూర్పు కనుమలలోనూ ఉంది. సామర్లకోటలో ఉండి మన మొక్కలను వర్ణించిన రాక్స్‌బర్గ్ దానికి శాస్త్రనామంలో 'రెట్స' అని చేర్చాడు. అది మన 'రచ్చ'. కొండ ప్రజలు ఆ చెట్టు నీడన కూడి ఊరి వ్యవహారాలు తీర్చుకొనేవారని ఆయన రాశాడు. రచ్చబండ అనే మాట చెప్పేటప్పుడు తరగతిలో ఈ కథ ఎన్నోసార్లు చెప్పాను. ఆ రాత్రి అందరికీ మళ్ళీ చెప్పాను. అబ్బాయి విన్నాడు, పాప వినలేదు. టమాటా అరలో చేపముక్క పోగొట్టుకొని గరిటెతో వెతుకుతోంది.

చవకగా తినాలనుకొనేవారికి అనుభవం మీద రెండు మాటలు. ఆకులూ టోఫూ ఎర్ర నూనెను పీల్చి నోరు కాలుస్తాయి, వాటిని టమాటా వైపే వేయండి. దుంపలు చవక, కడుపు నిండుతుంది. ముందు వాటిని వేసి, మాంసం చివరకు ఉంచండి. అది క్షణాల్లో ఉడుకుతుంది. కారం తట్టుకోవడానికి వాళ్ళు వాడేది నీళ్ళు కాదు, వెల్లుల్లి కలిపిన నువ్వులనూనె. ముక్కను అందులో ముంచి తింటారు. టమాటా పులుసు చివరకు చారులాగా అయింది. అన్నంలో పోసుకొని తిన్నాము. అన్నిటిలో నాకు నచ్చినది అదే, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

తింటూ ఉండగా అబ్బాయి బడి సంగతి ఎత్తాడు. వచ్చే ఏడు పాప ఒకటో తరగతిలో చేరుతుంది. మాతృభాష స్థానంలో అక్కడి బడులలో చీనా, మలయ్, తమిళం ఉన్నాయి; వీటికి తోడు హిందీ, ఉర్దూ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ తీసుకోనిస్తారు. ఆ వరుసలో తెలుగు లేదు. "చీనాయే తీసుకుందామని ఉందమ్మా, దానికి బాగా వస్తోంది" అన్నాడు, నా వైపు చూడకుండా. 1953లో గీత గీసి మా బళ్ళారిని మైసూరు రాష్ట్రంలో ఉంచినప్పటి నుండి ఈ మాట మా ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో అన్నారో నాకు తెలుసు. బిడ్డలకు కన్నడం బాగా వస్తోంది టీచర్ అని నా దగ్గరికే వచ్చి చెప్పి పేర్లు తీయించుకున్న తల్లిదండ్రులతో వాదించాను. కొడుకుతో వాదించలేకపోయాను. ఆ ఎద్దు అక్షరం చదవగలిగింది గనుకనే కదా నా వ్రతం దక్కింది.

బిల్లు వచ్చింది. తొంభై నాలుగు డాలర్ల డెబ్భై రెండు సెంట్లు. నగదుగా ఇస్తే డెబ్భైకి సవరిస్తారు. రెండు యాభై నోట్లూ పళ్ళెంలో పెట్టాను. అయిదు డాలర్ల ముప్పై సెంట్లు తిరిగి వచ్చాయి. అబ్బాయి ఏమీ అనలేదు, తన చేతిసంచి లోపల పెట్టుకున్నాడు.

రైలులో పాప నా పక్కన కూర్చుంది. లెక్క రాసుకున్న కాగితం వెనుక ఎద్దు అక్షరం వేసి చూపింది. దాని పక్కన నేను 'ఎద్దు' అని రాశాను.

"ఇది తెలుగు ఎద్దా? దీనికి కొమ్ము ఏది అవ్వా?"

'ద్దు' చివర పైకి తిరిగిన ఆ వంపును మనం దేనితో పిలుస్తామో మీకు తెలుసు. దాని మీద వేలు పెట్టి చూపించాను. "ఇదే కొమ్ము. దీని పేరే కొమ్ము."

నమ్మలేదు. వాళ్ళ నాన్నను అడిగింది. అబ్బాయి కాగితం చేతికి తీసుకొని, కాసేపు చూసి, "అవును, కొమ్మే" అన్నాడు. పాప నా పెన్సిలు లాక్కొని ఆ కొమ్ము ఒక్కటే, దిగవలసిన స్టేషన్ వచ్చేదాకా, కాగితం నిండా గీసింది.